అందరూ తిన్నాకే తినే మా అక్కను ఓడెక్కించాను

మా అల్వాల్ కాలనీలో ఎవరు ఓడ ప్రయాణానికి టికెట్లు తీసుకున్నా, బట్టలు సర్దుకునే ముందు మా ఇంటి గేటు తీస్తారు. ఇది నేను గొప్ప కోసం చెప్పుకోవడం లేదు. సరే, గొప్ప కోసమే చెప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెతను జీతం తీసుకుని మరీ అనుభవించినదాన్ని. చెప్పే అవకాశం గేటు తీసుకుని లోపలికి వస్తే వదులుకుంటానా?

నిజానికి నేను ఓడ ఎక్కింది ఒక్కసారే. ముంబయిలో ఎక్కించుకుని, లక్షద్వీప్, గోవా చూపించి, మళ్లీ ముంబయిలోనే దింపిన నాలుగు రాత్రుల ప్రయాణం. "ఒక్కసారి పోయొచ్చి వాస్కోడగామాకు ట్యూషన్ చెప్తున్నవ్" అని మా ఆయన ఎత్తిపొడుస్తాడు. ఆయన మాతో రాలేదు. నీళ్లంటే తనకు బకెట్ చాలన్నాడు. నేను వెళ్లింది మా అక్కతో. ఓడ గురించి నాకు తెలిసిన వాటిలో సగం ఆ నాలుగు రోజులూ అక్కతో పడిన తిప్పల వల్ల తెలిసినవే.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. అమ్మ పోయేనాటికి అక్కకు పన్నెండేళ్లు, నాకు ఐదు. ఆ రోజు నుంచి క్వార్టర్స్‌లో పొయ్యి అక్కదే. తర్వాత సికింద్రాబాద్‌లోనే ఒక బడి హాస్టల్‌లో వంటమనిషిగా చేరింది. రెండు వందల నలభై మంది పిల్లలు, మూడు పూటలా. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే "గింత మందికి వండినంక ఇంకొకనికి సుత వండాల్నా?" అని నవ్వేది. పిల్లలు ఆమెను పెద్దమ్మా అనేవాళ్లు. అన్నం మళ్లీ కావాలంటే చెయ్యి పైకెత్తి "పెద్దమ్మా, మారు" అనేవాళ్లు. మారు అడిగిన చెయ్యి ఏనాడూ ఖాళీగా దిగలేదు. ఆ సంగతి అక్క చెప్పదు, నేనే చెబుతాను.

కానీ ఆమెకు ఒక నియమం ఉంది. ఆఖరి పిల్లవాడు తిని చెయ్యి కడుక్కున్నాక గానీ తను ముద్ద ముట్టదు. అదీ నిలబడే, గిన్నె చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మా అక్క విషయంలో వడ్డించేదీ తనే, కడబంతీ తనే. మిగిలేది మాత్రం అడుగంటిందే.

రిటైరై మా ఇంటికి వచ్చాక కూడా అంతే. నేనూ మా ఆయనా తిన్నాక, పనమ్మాయి తిన్నాక, గేటు దగ్గర కుక్కకు పెట్టాక, అప్పుడు గోడకు ఆనుకుని తినేది. చివరికి కడుపునొప్పితో మెలికలు తిరిగితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కడుపులో పుండు. "మందులు పని చేస్తాయమ్మా, కానీ వేళకు తినాలి. వేళ తప్పితే ఇది మానదు, రక్తం కూడా పడుతుంది" అని ఆయన నా వైపు చూసి చెప్పాడు, అక్క వినదని మొహం చూసే తెలిసిపోయినట్టుంది. ఇంట్లో ఉంటే వంటిల్లు వదలదు. వంటిల్లే లేని చోటికి తీసుకెళ్లాలనుకున్నాను. అక్క అందరితోపాటు కూర్చుని, పొగలు వచ్చే అన్నం వేళకు తినగా నా కళ్లతో చూడాలి. నేను ఓడ టికెట్లు తీసుకున్నది ఇందుకే, సముద్రం కోసం కాదు.

ఇక అందరికీ చెప్పేది మీకూ చెబుతాను. ఓడ బయల్దేరే రోజు పొద్దున రైలు దిగి నేరుగా రేవుకు పోదామనుకోకండి. రైలు ఆలస్యమైతే ఇంకో రైలుంటుంది, ఓడకు ఇంకో ఓడ ఉండదు. మేం ఒక రోజు ముందే ముంబయి చేరాం. రైల్వే వాళ్ల పిల్లలం, రైలును మాకంటే తక్కువ నమ్మేవాళ్లు ఉండరు.

రెండోది సూట్‌కేసు. రేవులోనే తీసేసుకుంటారు, అది మన గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అందుకే మందులు, ఆధార్ కార్డు, ఒక జత బట్టలు భుజాన సంచిలో పెట్టుకోవాలి. పెట్టెలన్నీ ఒక్కలాగే ఉంటాయని, రెజిమెంటల్ బజార్‌లో ఎర్ర రిబ్బను కొని మా పెట్టెలకు పువ్వుల్లా కట్టాను. అంతా బాగానే ఉంది, అక్క పెట్టె వదిలితే కదా! పిడి పట్టుకుని రేవులో నిలబడిపోయింది.

"ఎవరో తెల్వని మనిషికి పెట్టె ఎట్ల ఇస్తనే? రైల్ల గొలుసేసి తాళం పెడ్తం గదా!"

"ఓడలో ఎవడూ నడిమధ్యన దిగిపోలేడక్కా. ఇవ్వు."

ఇచ్చింది. కానీ దాన్ని తీసుకెళ్తున్న మనిషి కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది. 

తర్వాత తనిఖీ దగ్గర ఆమె భుజం సంచిలోంచి ఒక కూరగాయల కత్తి బయటపడింది. చెక్క పిడి కత్తి, హాస్టల్‌లో వాడినదే. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఓడ మీద కూర ఎవరు తరుగుతరక్కా?"

"ఏమో, అవుసరం పడ్తే?"

కత్తులు, ఇస్త్రీ పెట్టెలు, ఇంట్లో వండిన తినుబండారాలు పైకి రానివ్వరు. ఇదీ రాసుకోండి. వాళ్లు కత్తి తీసుకుని, దిగేటప్పుడు చూపించి తీసుకోమని ఇత్తడి బిళ్ల ఒకటి ఇచ్చారు. అక్క దాన్ని బైబిలు పుస్తకంలో దాచుకుంది.

గది కోసం నేను ముందే ఓడ నడుమ భాగంలో, కింది అంతస్తు అడిగాను. ఊపు అక్కడ తక్కువ. కిటికీ లేకపోతే ఏం, పగలు గదిలో ఎవరుంటారు? ఎక్కగానే రిసెప్షన్‌లో రెండు పనులు చేసుకున్నాను. సాయంత్రం ఏడింటి భోజనాల వరసలో స్థిరంగా ఒక బల్ల అడిగాను. రోజూ అదే బల్ల, అదే వడ్డించే మనిషి అయితే మన అలవాట్లు అతనికి తెలుస్తాయి. వంటగది చూపించే పర్యటన ఒకటి ఉంటుందని చదివి, మూడో రోజుకు ఇద్దరి పేర్లూ రాయించాను. చాలామందికి ఈ సంగతి తెలియదు, అడిగినవాళ్లకే చూపిస్తారు.

మొదటి రోజు సాయంత్రం అక్కను కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చుంది, కుర్చీ అంచున, బస్సులో తర్వాతి స్టాపులో దిగేదానిలా. పక్కావిడకు బ్రెడ్డు బుట్ట అందించింది. ఎదుటాయన గ్లాసులో నీళ్లు పోసింది. వడ్డించేవాడు తన ముందు పెట్టిన సూపును పక్క బల్ల మీద చంటిపాపతో ఉన్న తల్లికి పంపించింది. నేను కళ్లెర్రజేశాను. ఆమె చల్లారిన అన్నం పెరుగుతో రెండు చెంచాలు తిని "అయింది" అంది.

ఫర్వాలేదు, ఇది మొదటి పాఠమే కదా అనుకున్నాను. మర్నాడు ఓడ ఎక్కడా ఆగదు, రోజంతా సముద్రమే. మధ్యాహ్నం పన్నెండుకు ఆమెను పైఅంతస్తు భోజనశాలలో వదిలాను. అక్కడ ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకోవచ్చు. "నువ్వు తిను, నేను వస్తా" అని చెప్పి క్విజ్ పోటీకి వెళ్లాను. రెండో బహుమతి వచ్చింది. మొదటిది రావలసింది, ఆ ప్రశ్న అడగడమే తప్పు. ఆ సంగతి వాళ్లకు వివరించి వచ్చేసరికి మూడు దాటింది.

అక్క స్తంభం పక్కన నిలబడి ఉంది. చేతిలో ఖాళీ ప్లేటు.

"ఇంకా తినలేదా?"

"అయిపోనియ్యే. ఇంకా వస్తనే ఉన్నరు."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఓడ నిండా రెండు వేల మంది. ఒకరు తింటుంటే ఇంకొకరు వస్తారు, పన్నెండుకు తిన్నవాళ్లే మూడుకు మళ్లీ వస్తారు. ఆఖరివాళ్లు తిన్నాక తిందామని అక్క మూడు గంటలుగా ఎదురు చూస్తోంది. ఓడ మీద ఆఖరివాళ్లంటూ ఎవరూ ఉండరు. ఊరికే నిలబడిందా అంటే అదీ కాదు. వరసను సరిచేసింది. చిన్నపిల్లల్ని ముందుకు పంపింది. చేతికర్రతో ఉన్న ఒక పెద్దాయనకు కుర్చీ చూపించింది. అక్కడి పనివాళ్లు రెండుసార్లు వచ్చి కూర్చోమన్నారట. "ఫర్వాలేదు బాబూ, మీ పని మీరు చూస్కోండ్రి" అని పంపించేసిందట.

నేను అరిచాను. అంతమంది ముందు, తెలుగులో, తరగతి గదిలో అరిచినట్టే అరిచాను. "డాక్టర్ ఏం చెప్పిండు? వాళ్లు నీ హాస్టల్ పిల్లలు కాదక్కా!"

"ఆకలైనంక నీ పిల్లలు, నా పిల్లలు అని ఉంటదానె?" అంది నెమ్మదిగా. అని పొట్ట పట్టుకుంది.

ఆ సాయంత్రమంతా ఆమె గదిలో ముడుచుకుని పడుకుంది. పాలు తెప్పించి తాగించాను. మందు వేశాను. అక్క నిద్రపోయాక బాత్రూం తలుపేసుకుని ఏడ్చాను. అక్కకు వంటిల్లు లేకుండా చేశాననుకున్నాను, ఆమె ఎక్కడ నిలబడితే అదే వంటిల్లని తెలుసుకోలేకపోయాను. చిన్నప్పుడు నేను తిన్న వేడన్నమంతా ఆమె చల్లన్నం తిని మిగిల్చినదే కదా అని కూడా తోచింది. ఆ లెక్క అంతవరకూ నేనెప్పుడూ వేయలేదు.

మూడో రోజు దీవి దగ్గర ఓడ ఆగింది. జనమంతా చిన్న పడవల్లో ఒడ్డుకు వెళ్లారు. అందరూ దిగినప్పుడు ఓడ మీదే ఉండిపోయిన వాళ్లకు డెక్కంతా సొంతమే. కావలసినన్ని కుర్చీలు, ఎక్కడా వరసలు లేవు. వంటగది చూడటానికీ అదే మంచి సమయం. మేం ఎనిమిది మందిమి వెళ్లాం.

ఆ వంటగదిని చూసి అక్క గుమ్మంలోనే చెప్పులు విడిచింది. వద్దని చెప్పి మళ్లీ వేయించాను. స్టీలు బల్లలు, మనిషి దిగి స్నానం చేయగలిగినంత పెద్ద గిన్నెలు, గోడ పొడుగునా పొయ్యిలు. మమ్మల్ని తిప్పింది పెద్ద వంటాయన. గోవా వైపు మనిషి, అరవైకి దగ్గర, మంచి హిందీ. గుడ్లు ఎన్ని, పిండి ఎంత అని అంకెలు చెబుతుంటే మిగతావాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు. ఏమైనా అడుగుతారా అన్నాడు. అక్క చెయ్యెత్తింది. మన సికింద్రాబాద్ ఉర్దూలో అడిగింది.

"ఆప్ లోగాఁ కబ్ ఖాతే?"

మీరు ఎప్పుడు తింటారని. ఆ ప్రశ్న ఆయనను అంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. మా ఇద్దరికేసి తిరిగి చెప్పాడు. "మేం ముందే తింటామమ్మా. మీకు వడ్డించడానికి గంట ముందు నా మనుషులందరూ కూర్చుని తినాలి. తినకుండా ఎవణ్ణీ పొయ్యి దగ్గరికి రానివ్వను. ఆకలితో ఉన్న నాలుకకు ఉప్పు తెలియదు. ఆకలితో ఉన్న చెయ్యి కాలుతుంది."

అక్క తన కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చను ఎడమ చేత్తో మూసుకుంది. నేను చూశాను, ఆయనా చూశాడు.

"మీరూ వంట చేస్తారా?" అన్నాడు.

చెప్పింది. రెండు వందల నలభై మంది, మూడు పూటలు. ఎంతమంది కలిసి అని అడిగాడు. "నేను, ఇంకిద్దరు. ఒకామె తరచు రాకపోతుండె." ఆయన వెనక్కి తిరిగి తన వాళ్లలో నలుగురిని పిలిచాడు. వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. వాళ్లు అక్కను పైనుంచి కిందికి చూశారు. మా అక్క అయిదడుగులు కూడా ఉండదు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. అంత అన్నం ముద్దవకుండా ఎలా వండేవారు?

"బియ్యం గంట ముందే నానెయ్యాలె. ఎసరు ఎక్కువ పెట్టి, మెతుకు నడుమ సన్నని పలుకు ఉన్నప్పుడే గంజి వార్చెయ్యాలె. మూత పెడ్తే మిగిలింది ఆవిరే ఉడికిస్తది. పలుకు పోయేదాక చూస్తే పిల్లలకు సంకటే." అక్క చూపుడు వేలు, బొటనవేలు మధ్య లేని మెతుకును నలిపి చూపించింది. నేను హిందీలోకి మార్చి చెప్పాను. ఆ నలుగురూ చేతులు కట్టుకుని విన్నారు. ముప్పై ఏళ్లు తరగతుల్లో నిలబడ్డాను, అంత బుద్ధిగా విన్న క్లాసు నాకు ఒక్కటీ దొరకలేదు. కుళ్లుకోలేదు. గర్వంతో చివరి వాక్యం రెండుసార్లు చెప్పాను.

బయటికొచ్చాక అక్క రెయిలింగు పట్టుకుని నీళ్లకేసి చూస్తూ అంది.

"ఇన్నేండ్లు ఉప్పు నాలుకతోని చూసి ఏసిననా, చేతికొచ్చినంత ఏసిననా తెల్వదే చెల్లె. ఒక్కో దినం పిల్లలు తినకపోయేటోళ్లు. బాగలేదని అనకపోయేటోళ్లు పాపం."

"బాగలేకపోతే మారు ఎందుకడుగుతరక్కా?"

"ముందు తింటే ఇంకా బాగ వండుదునేమో గదా."

నేను ఎన్ని చెప్పినా ఎక్కనిది, డాక్టరు భయపెట్టినా ఎక్కనిది, ఆ వంటాయన ఒక్క మాటతో ఎక్కింది. తన కోసం తినమంటే అక్క వినదు. వంట కోసం తినాలంటే వింటుంది. ఇంత చిన్న సంగతి లెక్కల టీచరుకు ఎందుకు తట్టలేదో ఏమో!

ఆ సాయంత్రం ఏడింటికి మా బల్ల దగ్గరికి వెళ్లాం. వడ్డించే మనిషి కుర్చీ వెనక్కి లాగాడు. అక్క కూర్చుంది. ఈసారి అంచున కాదు, వీపు కుర్చీకి ఆనించి, చేతులు బల్ల మీద పెట్టి. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. సూపు వస్తే ఎవరికీ పంపలేదు, తాగింది. బ్రెడ్డు బుట్ట పక్కావిడ చేతికి అందేంత దూరంలోనే ఉంది, అక్కడే ఉంచింది. తర్వాత అన్నం, సాంబారు వచ్చాయి. అన్నం మీద ఆవిరి లేస్తోంది. అక్క చెంచా పక్కన పెట్టి, చేత్తో కలిపి, మొదటి ముద్ద ఊదుకుంటూ తిన్నది. వేడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. వేడి ముద్ద తినడం అలవాటు లేదు కదా.

నేను ప్లేటులో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాను. ఆమె తింటుంటే చూడటం తప్ప నాకు ఇంకే పనీ తోచలేదు.

"ఏందే అట్ల చూస్తున్నవ్? చల్లగయితది, తిను."

ప్లేటు ఖాళీ అయింది. ఇక లేస్తుందనుకున్నాను. అక్క వడ్డించే మనిషి కోసం చూసి, కుడిచెయ్యి ఎంగిలని ఎడమ చెయ్యి పైకెత్తింది. హాస్టల్ పిల్లలు ఎత్తినట్టే.

"మారు" అంది.

అతనికి ఆ మాట అర్థం కాలేదు. నేను చెప్పేలోపే అక్కే ప్లేటు ముందుకు జరిపింది. అన్నం భాషలు అడగదు, అతను తెచ్చి పెట్టాడు.

దిగేముందు చెప్పాల్సిన జాగ్రత్త ఇంకొకటుంది. చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. ఉత్సాహంగా అన్నీ సర్దేస్తే పొద్దున వేసుకోవడానికి నైటీ తప్ప ఏదీ మిగలదు, ఒక జత పక్కన తీసిపెట్టుకోండి. మేం పెట్టుకున్నాం. అక్క ఈసారి పెట్టె తనే బయట పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చి పడుకుంది. పొద్దున దిగే తొందరలో టిఫిను మాత్రం మానలేదు, వేళకు తిన్నది.

సికింద్రాబాద్‌లో రైలు దిగి అల్వాల్‌కు ఆటో ఎక్కాం. దారిలో అక్క కళ్లజోడు కోసం సంచి తడిమితే బైబిలు జారి ఒళ్లో పడింది. అందులోంచి ఇత్తడి బిళ్ల దొర్లి ఆటోలో పడింది. ఇద్దరం దాన్ని చూశాం. హాస్టల్ నుంచి వచ్చేటప్పుడు అక్క తెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు ఆ కత్తి. దాన్ని ఓడ మీదే మర్చిపోయాం.

"అయ్యో అక్కా! ఫోన్ చేసి అడుగుతనుండు. కొరియర్‌లో పంపమంటా."

అక్క వంగి బిళ్ల తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ బైబిల్లో పెట్టుకుంది.

"ఎందుకే పరేషాన్? ఉండనియ్యి. మళ్ల పోయినప్పుడు తెచ్చుకుందం."